తల లేని ఆవిడ

ఫిబ్రవరి 3

పిడుగూ,

ఇల్లు చేరాను. నేను బాగానే ఉన్నాను గానీ, నా చక్రాల కుర్చీకే మీ మ్యూజియం పడలేదు. మెట్ల పక్కనున్న ఆ వాలు ఎక్కి దిగినప్పటి నుంచి కుడిచక్రం కిర్రుమని ఏడుస్తోంది. మీ అమ్మకి ఫోన్ చేసి, "నీ కూతురు పెద్ద ఉద్యోగస్తురాలైపోయిందే, సొంత పిన్నితో కాసేపు తిరగడానికి కూడా తీరిక లేదు" అని చెప్పాను. మొహం మాడ్చుకోకు. నీకు మీటింగ్ ఉందని తెలుసు, అయినా దెప్పకపోతే నాకు అన్నం సహించదు.

ఈ మాట కూడా ఫోన్లోనే చెప్పొచ్చుగా అంటావు. నీకు ఫోన్ చేస్తే "ఒక్క నిమిషం పిన్నీ" అని ఇంకెవరితోనో మాట్లాడుతూ ఉంటావు. కాగితమైతే ఎదురుగా కూర్చుని చివరిదాకా వింటుంది.

నువ్వు చెప్పిన పని చేశాను. బొమ్మల పక్కన పండితులు రాసిన చీటీలు ఎవరికీ కొరుకుడు పడటం లేదు, చూడ్డానికొచ్చినవాళ్ళ చేతే రాయించి గోడకి పెడతాం అన్నావు కదా. మధ్య హాల్లో, కిటికీ పక్కన కూర్చుని బట్టలు ఉతుకుతున్న ఆవిడ బొమ్మ ఉందే, దాని ముందు చాలాసేపు ఉండి రాశాను. నిజం చెప్పాలంటే ఆవిడ కోసమే వచ్చాను. మీ పోస్టర్ ఒకటి మా సందు చివర అంటించారు. అందులో ఆవిడ చేతులు మాత్రమే ఉన్నాయి. రోజూ నా బ్యూటీ పార్లర్ తెరిచేటప్పుడు ఆ చేతులు చూసి, ఈవిడ మొహం ఎలా ఉంటుందో అనుకునేదాన్ని. పొద్దున లేస్తే కనుబొమలూ పైపెదవులూ చూసి బతికేదాన్ని, నాకు మొహం చూడందే మనిషిని చూసినట్టుండదు.

రాసింది ఇదీ. కనిపించింది కనిపించినట్టు రాయమన్నావు, అలాగే రాశాను. తప్పులుంటే దిద్దు.

"ఈవిడ చేతులు నాకు తెలిసినవే. నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు ముడుచుకుపోయాయి. తొట్టిలో నీళ్ళు మురికిగా ఉన్నాయి, అంటే చాలాసేపటి నుంచి ఉతుకుతోంది. ఒళ్ళో బట్ట తడిసింది. మెడ దాకా వచ్చేసరికి మనిషి అయిపోయింది. తల ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు ఉంది. నేను అటు జరిగితే వెలుగూ అటు జరిగింది. ఇటు వస్తే ఇటే వచ్చింది. ఈవిడ నన్ను చూస్తోందో లేదో తెలీదు. ఇంత చాకిరీ చేసే మనిషికి తల లేకుండా ఎవరు చేశారో వాళ్ళని నిలబెట్టి అడగాలి."

చేతిరాత చూసి నవ్వకు. 

నీ పిన్ని

ఫిబ్రవరి 12

పిన్నీ! పిన్నీ! పిన్నీ!

నువ్వు రాసింది మా మీటింగులో నేనే పైకి చదివాను. చదవడం అయిపోయాక, మా డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ దేనికీ కళ్ళజోడు తియ్యరు. సలహాలివ్వడానికి వచ్చే ప్రొఫెసర్ గారైతే బల్ల మీద చరిచి, "శ్రమ చేసే స్త్రీకి ఈ సమాజం ముఖం లేకుండా చేసిందని ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆ కదిలే వెలుగు గురించే అరగంట మాట్లాడుకున్నాం. మనం సత్యాన్ని ఏ వైపు నుంచి చూడబోయినా అది జారిపోతుందనీ, ఇంకా ఏవేవో అన్నారు, నాకు సగం గుర్తులేదు.

ఇన్నేళ్ళూ దారం పట్టుకుని కూర్చుని ఈ కవిత్వమంతా ఎక్కడ దాచావు నువ్వు?

వచ్చినవాటిలో నీదే మొదటిది. దాన్ని పెద్ద అక్షరాలతో ఆ బొమ్మ పక్కనే పెడుతున్నారు. "తల లేని ఆవిడ" అని పేరు కూడా డైరెక్టర్ గారే పెట్టారు. వచ్చేనెల చివర్లో ప్రారంభం, నువ్వు వచ్చి నీ నోటితో చదవాలి. కారు నేను పంపిస్తాను. అమ్మకి చెప్తే, "అది చిన్నప్పటి నుంచీ అంతే, దాని మాటకి ఎదురు లేదు" అని మురిసిపోయింది.

నీ పేరు చెప్పుకుని గొప్పలు పోతున్న
పిడుగు

ఫిబ్రవరి 18

పిడుగూ,

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఒకావిడకి త్రెడింగ్ చేస్తున్నాను. దారం పళ్ళ మధ్య ఉంది. ఆ పని చేసేటప్పుడు తప్ప నేను నోరు మూసుకుని ఉండనని నీకు తెలుసు కదా. సగం కనుబొమ అలాగే వదిలేసి దారం ఊసేసి ఉత్తరం చదివేశాను. ఆవిడ అద్దంలో చూసుకుని లబోదిబోమంది. అయినా నీ ఉత్తరం ఆవిడకీ చదివి వినిపించాను. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతివాళ్ళకీ వినిపిస్తున్నాను. ఒకటి రెండు పైపెదవులు కాస్త మండాయి, ఫరవాలేదు.

ఎంత సంతోషంగా ఉందో ఎలా చెప్పను? నాలుగు మాటలు రాస్తే అంతమంది పెద్దవాళ్ళు కూర్చుని విన్నారు. అంత తొందరగా పట్టించుకుంటారని కల్లో కూడా అనుకోలేదు. కవిత్వం సంగతి నాకు తెలీదు, ఉన్నమాట రాశాను. అందరికీ అర్థమైంది, అది చాలు.

మరి ఆవిడ తల ఎప్పుడు చూపిస్తారు? నేను వచ్చేలోపే ఏర్పాటు చేస్తారా, తరవాతా? ముందే అయితే చదివే రోజున మొదట మొహం చూసుకుని, ఆ పైన చదువుతాను. కొత్త బట్టలు కుట్టించుకుంటున్నాను.

నీ పిన్ని

ఫిబ్రవరి 25

పిన్నీ,

"ఆవిడ తల ఎప్పుడు చూపిస్తారు?" ఈ ఒక్క మాట చాలు నిన్ను నెత్తిన పెట్టుకోవడానికి! డైరెక్టర్ గారికి నీ ఉత్తరం చూపించాను (కోప్పడకు). ఆవిడ అప్పటికప్పుడు ఆహ్వానపత్రం ఆపించి, దాని మీద నీ ప్రశ్నే వేయించారు. ఒకటి పంపుతున్నాను, చూడు. ముందువైపు ఇంకేమీ లేదు, తెల్ల కాగితం మీద నీ మాట.

నువ్వు అడిగినదానికి జవాబు ఒక్కరోజులో దొరికేది కాదు పిన్నీ. ఆ తల కోసమే కదా మా పోరాటమంతా. మన తరంలో కాకపోతే వచ్చే తరంలోనైనా చూపిస్తాం.

చదివేటప్పుడు చివరి వాక్యం దగ్గర కాస్త ఆగు, బాగుంటుంది.

నీ పిడుగు

మార్చి 2

అమ్మా ఉద్యోగస్తురాలా,

వచ్చే తరంలోనా? దీపం తిప్పడానికా?

మీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆహ్వానపత్రం వచ్చింది. దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, నీ ఉత్తరం మళ్ళీ చదివి, అప్పుడు నాకు బుర్రకెక్కింది. మీలో ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదు. సరే, చిన్నపిల్లకి చెప్పినట్టు చెబుతాను, విను.

ఆ బొమ్మకి గాజు ఉంది. పైన కప్పుకి దీపం ఉంది. నేను కుర్చీలో కూర్చుని ఉంటాను, లేవలేను. కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి ఆ దీపం గాజు మీద నుంచి సూటిగా కొడుతుంది. సరిగ్గా ఆవిడ మొహం ఉన్నచోట. అందుకని నాకు తల కనబడలేదు. కనబడలేదు అని రాశాను. ఎవరు చేశారో వాళ్ళని అడగాలి అని రాశాను. వాళ్ళంటే మీరేనే! సమాజం కాదు, మీ దీపాలు పెట్టేవాడు!

పేషెంటు కడుపునొప్పి అంటే డాక్టరు ఆహా ఏం మాట అని చప్పట్లు కొట్టినట్టుంది మీ వరస. నేను నొప్పి అంటే మీరు దాన్ని పత్రం మీద వేసి ఊరంతా పంచారు. ప్రొఫెసర్ గారు బల్ల చరిచే బదులు ఒక్కసారి కూర్చుని చూసి ఉంటే పోయేది కదా.

వాళ్ళ సంగతి వదిలేయి. వాళ్ళు నన్ను చూడలేదు. నువ్వు చూశావు. నా కుర్చీ తోసుకుంటూ పెరిగావు. మీ అమ్మకి ఒంట్లో బాగోనప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఈ కుర్చీలోనే బడికి వెళ్ళావు. నీకు తట్టలేదంటే నేను నమ్మను. తెలిసే ఊరుకున్నావు. డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసేసరికి, ఇది మా పిన్ని దీపం గురించి చేసిన ఫిర్యాదండీ అని చెప్పడానికి నీకు నామోషీ అయింది. 

చివరి వాక్యం దగ్గర ఆగమంటావా? ఆగను. రాను కూడా.

పిన్ని

మార్చి 9

పిన్నీ,

నీ ఉత్తరం చదివి కిందికి పరిగెత్తాను. మా స్టోరులో ఒక చక్రాల కుర్చీ ఉంది, "సందర్శకుల సౌకర్యార్థం" అని బోర్డు కట్టి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అట్టపెట్టెల వెనక పెట్టారు. దాన్ని లాగి, మధ్య హాల్లోకి తెచ్చి, ఆవిడ ముందు కూర్చున్నాను.

తల లేదు.

అటూ ఇటూ జరిగాను. వెలుగూ జరిగింది. నువ్వు రాసిందాంట్లో ఒక్క అక్షరం కల్పితం లేదు. సిగ్గుతో చచ్చిపోయాను పిన్నీ. కానీ తెలిసి ఊరుకున్నానని మాత్రం అనకు. ఒట్టేసి చెబుతున్నా, తట్టలేదు. నువ్వు కుర్చీలో ఉంటావన్న సంగతే నాకు గుర్తుండదు. నాకు నువ్వు పిన్నివి, అంతే. అది ప్రేమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అయినా నాకూ కోపం ఉంది. ఆ రోజు గేటు దగ్గర "బొమ్మ ఎలా ఉంది" అని అడిగితే, "ఆ, చూశాను" అని ముక్తసరిగా అనేసి వెళ్ళిపోయావు. ఒక్క మాట చెప్పి ఉంటే అప్పుడే దీపం తిప్పించేదాన్ని కదా!

డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అంతా విని ఏమన్నారో తెలుసా? "దీపం తిప్పితే ఆ రచన అబద్ధమైపోతుంది కదమ్మా" అన్నారు. పక్కన అంత పెద్ద అక్షరాలతో తల లేదని ఉంటుంది, ఎదురుగా తల కనబడుతుంటుంది, వచ్చినవాళ్ళు నవ్వుతారు అన్నారు. "రచన ఉండాలంటే దీపం ఉండాలి. దాని బలమంతా అందులోనే ఉంది" అన్నారు. కూర్చుని చూసేవాళ్ళు ఎంతమంది వస్తారు అని కూడా అన్నారు. నేను గట్టిగానే మాట్లాడాను. చివరికి, మీ పిన్నిగారినే అడగండి, ఆవిడకి ఏది కావాలో అన్నారు.

గోడ మీద నీ మాట ఉండాలా, ఆ మొహం కనబడాలా? ఇలా అడగాల్సి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. కానీ అడక్కుండా నా అంతట నేను తేల్చెయ్యలేను.

పిడుగు

మార్చి 13

పిడుగూ,

తీసెయ్యి. 

నాది నాకు పంపించెయ్యి. నాకు ఒక బొమ్మ కనబడకుండా చేసి, ఆ కనబడకపోవడాన్ని పక్కన అలంకారంగా పెట్టుకుంటారట, అది చెడిపోకుండా ఇకముందు కూడా కనబడనివ్వరట! ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా? ఎవరికో కాళ్ళు లేకపోవడం మీకు అంత అందంగా ఉంటే, మీ మెట్లన్నిటికీ నూనె రాయండి, ఇంకా బోలెడు కవిత్వం వస్తుంది.

ఆ రోజే ఎందుకు చెప్పలేదు అన్నావు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయిందే. బ్యాంకులో కౌంటరు ఎత్తు, అవతలి మనిషికి నా జుట్టు మాత్రమే కనబడుతుంది. చెప్పాను. ఆసుపత్రిలో బరువు చూసే మిషను ఎక్కలేను. చెప్పాను. ఎక్కడికెళ్ళినా ముందు "ఏమనుకోకండి" అని మొదలుపెట్టి, మొహాన నవ్వు పులుముకుని, ఏదో నాదే తప్పయినట్టు చెప్పుకోవాలి. వాళ్ళు అయ్యో పాపం అని తల ఊపుతారు. మళ్ళీ వెళ్ళేసరికి ఏమీ మారి ఉండదు. మీ మ్యూజియంలో కూడా చెప్పాలా, అక్క కూతురి దగ్గర కూడా బతిమాలుకోవాలా అనిపించింది. అంతలో నువ్వే రాయమన్నావు. ఒక్కసారైనా ఏమనుకోకండి అనకుండా, కనిపించింది కనిపించినట్టు చెప్పొచ్చు అనుకున్నాను. రాస్తున్నంతసేపూ ఎంత హాయిగా ఉందో.

నీకు తట్టలేదన్న మాట నమ్ముతున్నాను. నేను కుర్చీలో ఉన్నానని మర్చిపోవడం ప్రేమే కావచ్చు. కానీ గుర్తుపెట్టుకుని ప్రేమించు, నాకు ఇంకా బాగుంటుంది.

ఒక్క మాట. తీసెయ్యమని ఊరికే అనడం లేదు, ఏడుస్తూ రాస్తున్నాను. నా జన్మలో నేను రాసింది అదొక్కటే. దాన్ని గోడ మీద చూసుకోవాలని నాకు ఎంత ఉందో నీకు తెలీదు. 

పిన్ని

మార్చి 22

ఏమే,

జవాబు లేదేమిటి? అలిగావా, ఉద్యోగం ఊడిందా? అలిగితే అలిగానని రాయి, నేను ఇంకోసారి తిడతాను. ఉద్యోగం ఊడితే పెట్టె సర్దుకుని వచ్చెయ్యి, కనుబొమలు నేర్పిస్తాను. నీకు చెయ్యి వణుకుతుంది, మొదట్లో మీ అమ్మ మీద చేద్దువుగాని.

పిన్ని

మార్చి 28

పిన్నీ,

అలగలేదు. ఉద్యోగం ఊడబోయి ఆగింది. అది తేలాక రాద్దామని ఊరుకున్నాను.

నీది తీసేశాను. గోడ మీద ఖాళీ చూసి డైరెక్టర్ గారు మండిపడ్డారు. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి, ప్రారంభం దగ్గరికొచ్చింది, ఆ చోట పెట్టడానికి ఏమీ లేదు. మరి దీపం తిప్పుతారా అంటే, చూద్దాం అన్నారు. "చూద్దాం" అంటే ఏమిటో ఇప్పుడు నాకూ తెలిసింది.

వారం వారం నేను నడిపే రాతక్లాసు ఉంది కదా. ఈసారి వచ్చినవాళ్ళందరినీ ఆవిడ ముందుకి తీసుకెళ్ళాను. కాంటీన్‌లో ఉన్న పొట్టి స్టూళ్ళన్నీ తెప్పించి కూర్చోమన్నాను. ఏమీ చెప్పలేదు. కూర్చున్నచోటు నుంచి లేవకుండా, కనిపించింది కనిపించినట్టు రాయండి అన్నాను, నీకు చెప్పినట్టే. ఆ వారం రోజూ అదే పని చేశాను, ఎవరు వస్తే వాళ్ళతో. కర్ర పట్టుకుని నడిచే ఒక పెద్దాయన, పిల్లని ఒళ్ళో పెట్టుకున్న తల్లి, మా కాపలా ఆయన, మూడో తరగతి క్లాసు మొత్తం. పిల్లలకి స్టూళ్ళు అక్కర్లేకపోయింది పిన్నీ. నిలబడినా వాళ్ళ ఎత్తు అంతే. ఈ హాల్లోకి ఎన్ని బళ్ళ పిల్లలు వచ్చారో, ఒక్కళ్ళకీ ఆవిడ మొహం కనబడలేదు. మేం వాళ్ళకి చాక్లెట్లిచ్చి పంపించేశాం.

అందరూ రాసిన కాగితాలు ఆ ఖాళీలో అంటించాను. "ఈమెకి తల లేదు." "ఈమె తల ఎవరో చెరిపేశారు." "లైటు తప్ప ఏమీ లేదు, ఇది లైటు బొమ్మా?" పెద్దాయన ఒక్క వాక్యమే రాశారు: "నా కళ్ళే పోయాయనుకుని ఎవరికీ చెప్పలేదు." గోడ నిండిపోయింది. వచ్చినవాళ్ళు అవి చదివి, నిలబడి చూసి, వంగి చూసి, మమ్మల్ని నిలదీయడం మొదలుపెట్టారు. డైరెక్టర్ గారు నన్ను పిలిచి, రేపటి నుంచి రానక్కర్లేదు అన్నారు. నేను సరే అన్నాను గానీ, ఆ కాగితాలు తియ్యమంటే తియ్యను, రాసినవాళ్ళని అడగండి అన్నాను. ఆవిడ విసవిసా హాల్లోకి వెళ్ళి, ఆ పెద్దాయన కాగితం చదివి, అక్కడున్న స్టూలు మీద కూర్చున్నారు. చాలాసేపు లేవలేదు. నేను దూరంగా నిలబడి చూశాను.

మర్నాడు నిచ్చెన తెచ్చారు. దీపం పక్కకి తిప్పారు, బొమ్మని కాస్త కిందికి జరిపి తగిలించారు. రానక్కర్లేదన్న మాట డైరెక్టర్ గారు మళ్ళీ ఎత్తలేదు. నేనూ మామూలుగా డ్యూటీకి వెళ్ళాను.

ఇప్పుడు కూర్చున్నా ఆవిడ మొహం కనబడుతోంది. ఎలా ఉందో నేను చెప్పను. వచ్చి చూసుకో.

నీ పిడుగు

ఏప్రిల్ 6

పిడుగూ,

వచ్చాను, చూశాను, వెళ్ళిపోయాను. నీకు సెలవు రోజని తెలిసే వచ్చాను. నువ్వు పక్కనుంటే నా మొహం చూస్తావు, నన్ను ఆవిడ మొహం చూడనివ్వవు.

ఏం బాలేదే!

ఇంత రభస చేసి, పత్రాలు పంచి, నీ ఉద్యోగం మీదికి తెచ్చి, తీరా చూస్తే అదా మొహం? బుగ్గలు వెన్నపూసినట్టు ఉన్నాయి. నుదుటి మీద చెమటచుక్క లేదు. కనుబొమలు ఇప్పుడే నా దగ్గర్నుంచి లేచి వెళ్ళినంత నున్నగా ఉన్నాయి. పెదాల మీద చిన్న నవ్వు. తొట్టినిండా మురికినీళ్ళు, ఒళ్ళంతా తడి, వేళ్ళు ముడుచుకుపోయి, నవ్వెందుకే ఆవిడకి? నాకు ఒళ్ళు మండిపోయింది.

పక్కన ఒకాయన నిలబడి, "ఎంత ప్రశాంతంగా ఉందో కదండీ" అన్నాడు. నేను ఊరుకుంటానా? ప్రశాంతమా, మీరెప్పుడైనా దుప్పట్లు ఉతికారా అని అడిగాను. ఆయన ఉతికానన్నాడు. తన భార్య మంచాన ఉంటే రెండేళ్ళు తనే ఉతికాడట. ఒక్కోసారి అలా నవ్వొస్తుంది అన్నాడు. రాదు అన్నాను నేను. గట్టిగానే వాదించుకున్నాం. మీ కాపలా ఆయన వచ్చి ఇద్దరినీ మెల్లగా మాట్లాడమని కసిరాడు. ఆయన్నీ, నన్నూ, ఒకే గొంతుతో. ఆ పెద్దమనిషి నా కుర్చీ వంక ఒక్కసారి కూడా జాలిగా చూడలేదు. వాదనలో ఓడిపోకూడదని బొమ్మ వంకే చూస్తూ మాట్లాడాడు.

ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళినా, ఏది కాస్త కనబడితే అదే మహాప్రసాదమని కళ్ళకద్దుకుని వచ్చేదాన్ని. నచ్చలేదు అనడానికి ముందు పూర్తిగా కనబడాలి కదా. ఇంటికొచ్చేదాకా నాలో నేనే ఆయనతో దెబ్బలాడుకుంటూ వచ్చాను. ఎంత బాగుందో నీకు చెప్పలేను.

పాతది వద్దు. ఇది పెట్టు. దుప్పట్లు ఉతికిన ఆ పెద్దమనిషిని కూడా వెతికి పట్టుకుని ఆయన మాట రాయించి నా పక్కన పెట్టు, నాకేం భయం లేదు.

"ఈ చేతులు ఈవిడవే. ఈ మొహం ఈవిడది కాదు. బొమ్మ వేసినాయన చేతుల్ని దగ్గర కూర్చుని చూశాడు, మొహం దగ్గరికి వచ్చేసరికి తనకి కావాల్సింది వేసుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని తల నుంచి పాదాల దాకా చూశాను. నాకు నచ్చలేదు."

నీ పిన్ని